గోడవైపు తిరిగిన కుర్చీలు

మావయ్య మెట్ల మీద ఆగిపోయాడు, గుర్తుందిగా? ఒక చెయ్యి రెయిలింగ్ మీద, ఇంకో చెయ్యి ఛాతీ మీద. పోయిన వారం మనం ఆయన్ని అక్కడే వదిలేసి వచ్చేశాం, పాపం. కొత్త ట్యూబాతో జరిగిన మొదటి రిహార్సల్‌లో బ్యాండ్ మాస్టారు పాట ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపి, ట్యూబా వినపడట్లేదేంటండీ అని నిండు హాల్లో అడిగేశాడు. మావయ్య మొహం కందగడ్డలా అయ్యేదాకా ఊదాడు. అయినా వినపడలేదు. ఇంటికొస్తూ మెట్ల మీద మేనకోడలితో అన్నాడు.

"నా ఊపిరి అయిపోయిందే పిచ్చుకా. రేపు సాయంత్రం మాస్టారికి చెప్పేస్తాను, నా కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని."

పిచ్చుకకి మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. మావయ్య ఊపిరికేం కాలేదని, జరిగిందంతా తన వల్లేనని ఆ పిల్లకి ఒక్కదానికే తెలుసు.

పిచ్చుక అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మనిషి పొట్టి, వాయించేది ట్యూబా. చిన్నప్పుడు మావయ్య ఒళ్లో ట్యూబా పెడితే పిల్ల కనపడలేదట, గొట్టాల వెనకనుంచి కిచకిచమని గొంతు ఒకటే వినపడిందట. అప్పట్నుంచీ పిచ్చుకే. ట్యూబా అంటే, చూడనివాళ్లకి చెప్తున్నా, పొడవాటి ఇత్తడి గొట్టాన్ని చుట్టలు చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టుంటుంది. దాని నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, గంగాళమంత. పాటకి అది నేల లాంటిది. నేల ఎంత బావుందో అని ఎవరూ అనరు. తీసేస్తే మాత్రం అందరూ బోర్లా పడతారు.

వాళ్ల సంఘంలో రెండు జట్లు. ఒకటి పెద్ద బ్యాండ్, హాలు నిండా జనం, అందులో ట్యూబా మావయ్యది. రెండోది ఐదుగురి జట్టు, అందులో ట్యూబా పిచ్చుకది. రెండిటికీ కలిపి ఉన్నది ఒకటే పాత ట్యూబా, అది అతుకుల దగ్గర చీలిపోయి ఇంక బాగుపడనంది. కొత్తది ఒక్కటే తెస్తామన్నారు, రెండు జట్లకీ పనికొచ్చేది. తలనొప్పంతా అక్కడే. షాపాయన మూడు పంపాడు, చూసి ఎంచుకోండని. ఒకటి మహా పెద్దది, దానికి ఏనుగని పేరు పెట్టారు. పెద్ద బ్యాండ్‌లో కూర్చుంటే కిటికీలు కూడా తాళం వేస్తాయి, ఐదుగురిలో కూర్చుంటే మిగతా నలుగురూ ఇంటికెళ్లిపోవచ్చు. ఇంకోటి బుల్లిది. ఐదుగురిలో హాయిగా గొంతెత్తి పాడుతుంది, పెద్ద బ్యాండ్‌లో సంతలో గుసగుసలాడినట్టు ఉంటుంది. మూడోది రెండిటికీ మధ్యది. దాన్ని నడిపిది అన్నారు. ఇంట్లో నడిపిపిల్ల లాగే అది కూడా. పెద్దవాళ్లలో పెద్దగా, చిన్నవాళ్లలో చిన్నగా సర్దుకుపోతుంది, ఎవరూ పట్టించుకోరు.

ఎంచుకోవడానికి వాళ్లకో పద్ధతుంది. గోడ పరీక్ష. అందరూ కుర్చీలు గోడవైపు తిప్పుకుని కూర్చుంటారు. ట్యూబా ఊదేది ఒక్కరే, జోడు కావాల్సినవాళ్లు గోడవైపు తిరిగే వాయిస్తారు. ఏది ఏదో కళ్లకి తెలీదు, చెవులే చెప్పాలి. ఆ రోజు మావయ్య పిచ్చుకనే ముందుకి తోశాడు, రేపు వాయించాల్సింది నువ్వేగా, నువ్వే ఊదు అని. మొదలుపెట్టేముందు మాస్టారు గోడకేసి చూస్తూనే అడిగాడు, మూడిటినీ వెచ్చబెట్టావా అమ్మా అని. ఆఁ అంది పిచ్చుక.

వెచ్చబెట్టలేదు. రెండిటినే వెచ్చబెట్టింది. నడిపిదాన్ని వెనక తలుపు దగ్గర, గాలి కొట్టేచోట, రాతి నేల మీద పొద్దుట్నుంచీ వదిలేసింది. చల్లబడ్డ ఇత్తడి శ్రుతి తగ్గిపోతుంది, స్వరం బద్ధకంగా లేస్తుంది. ఇది ఆ హాల్లో అందరికీ తెలిసిన సంగతే, అందుకే మాస్టారు అడిగాడు. ఐదుగురితో వాయించగానే నడిపిది అపస్వరం పలికింది. శ్రుతే లేనిది మనకెందుకని అక్కడికక్కడే పక్కన పెట్టించేశారు. ఏనుగు మిగతా నలుగుర్నీ మింగేసింది. ఇంక మిగిలింది బుల్లిది. మిగిలింది ఒకటే కదా అని పెద్ద బ్యాండ్‌తో ఊది చూడకుండానే దాన్ని తెచ్చేశారు.

ఎందుకు చేసిందంటే, బుల్లిదంటే పిచ్చుకకి ప్రాణం. ఒళ్లో పెట్టుకుంటే మౌత్‌పీస్ సరిగ్గా పెదాల దగ్గరికొచ్చి నిలబడింది. మిగతావాటికి కుర్చీ మీద దిండేసుకుని కూర్చోవాలి, అత్తయ్య కుట్టిచ్చిన గళ్ల దిండు, దాన్ని చూసి జట్టులో ట్రంపెట్టాయన ఎప్పుడూ నవ్వుతాడు. పైగా ఐదుగురి పాటలో ఈసారి తనకో సోలో ఉంది, అది బుల్లిదాని మీద పలికినట్టు దేనిమీదా పలకదు. పెద్ద బ్యాండ్ సంగతి మావయ్య చూసుకుంటాడులే అనుకుంది. ఆయన ఎప్పుడూ చూసుకున్నాడుగా.

ఇదీ కథ. ఇప్పుడు ఈ వారంలోకి వద్దాం.

తెల్లారి లేచి మొహం కడుక్కుందో లేదో తెలీదు, పిచ్చుక మావయ్య వంటింట్లో నిలబడి ఉంది. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది. మావయ్య సింకు దగ్గర తన మౌత్‌పీస్‌ని పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాడు, ఎక్కడికో పంపించబోయే పిల్లకి స్నానం చేయించినట్టు. తోమి, తుడిచి, వెలుతురుకి పట్టి చూసి, మళ్లీ తోముతున్నాడు. అది చూసేసరికి పిచ్చుకకి ఏడుపొచ్చేసింది.

అత్తయ్య కత్తి ఆపింది. "ఏడవాల్సింది నేను కదే, ఉల్లిపాయలు నా ముందుంటే."

"మావయ్యా," అంది పిచ్చుక, "నడిపిది పాడైంది కాదు. నేనే దాన్ని వెచ్చబెట్టలేదు."

మావయ్యకి మొదట అర్థం కాలేదు. పిచ్చుక అంతా చెప్పింది. వెనక తలుపు, రాతి నేల, మిగతా రెండిటికీ కప్పిన దుప్పట్లు, ఆఁ అన్న ఆ ఒక్క ముక్క. చెప్పేటప్పుడు ఆయన మొహం వైపు చూడలేక కుళాయి వైపు చూస్తూ చెప్పింది. కుళాయి బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. పెద్ద బ్యాండ్‌లో బుల్లిదాన్ని ఎవరు ఊదినా అంతే మావయ్యా, నీ ఊపిరికేం కాలేదు, అని పూర్తిచేసింది.

తిడతాడనుకుంది. తిట్టాలని కోరుకుంది కూడా. నాలుగు తిట్లు తినేస్తే కాస్త తేలికవుతుందని. మావయ్య మౌత్‌పీస్ మీద నీళ్లు దులిపాడు. మెల్లగా ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"విన్నావా," అన్నాడు భార్యతో, "నేను బానే ఉన్నానట."

"బానే ఉన్నారని నేను చెప్తే వినపడదు. మేనకోడలు దొంగపని చేసి చెప్తే వినపడుతుంది," అంది అత్తయ్య. కానీ ఆవిడ కూడా కొంగుతో కళ్లొత్తుకుంది, ఉల్లిపాయల మీదికి తోసేసి.

రాత్రంతా ఆయన నిద్రపోలేదని అప్పుడు చెప్పింది అత్తయ్య. లేచి కూర్చుని, ఊపిరి పీల్చి, వదిలి, మళ్లీ పీల్చి చూసుకున్నాడట, చీకట్లో. ఆ మాట పిచ్చుకకి సూదిలా దిగింది. మావయ్య మాత్రం అప్పటికే చొక్కా, కోటూ వేసేసుకున్నాడు. పద షాపుకి, అన్నాడు. మెట్లు దిగుతుంటే రెయిలింగ్ పట్టుకోలేదు.

షాపు వెనక గదిలో గోడల నిండా బూరలు వేలాడుతుంటాయి. పరీక్షయ్యాక వెనక్కొచ్చేసిన నడిపిది ఓ మూల, బోర్లా, దుమ్ము పట్టి ఉంది. షాపాయన ముందు గదిలో ఎవరికో వాల్వు బాగుచేస్తూ, మీరే చూసుకోండి మావా అని కేకేశాడు. ఆ ఊరి బ్యాండ్ వాళ్లందరికీ మావయ్య మావే.

మావయ్య దాన్ని ఎత్తుకుని ఒళ్లో పెట్టుకున్న తీరు చూడాలి. ముందు చేత్తో ఒళ్లంతా నిమిరాడు. తర్వాత కోటు విప్పి దానికి కప్పాడు. స్వరం పలికించకుండా, ఉత్త వేడి ఊపిరి, హా అని, గొట్టంలోకి వదులుతూ కూర్చున్నాడు, చాలాసేపు. ఈ పని ఆ రోజు తను చేయాల్సింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పిచ్చుకకి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

మధ్యమధ్యలో ఆయన పాఠం కూడా చెప్తున్నాడు, పాత అలవాటు. రెండు జట్లకీ సరిపోయే ట్యూబాని ఎలా పట్టుకోవాలంటే, గట్టిగా ఊది చూడకూడదట, గట్టిగా ఊదితే ఏదైనా మోగుతుంది. మెల్లగా ఊది చూడాలట. మెల్లగా ఊదినా గది చివరిదాకా వెళ్తే అది పెద్ద బ్యాండ్‌కి పనికొస్తుంది. గట్టిగా ఊదినా పక్కవాడి స్వరం మన చెవికి వినపడుతుంటే అది ఐదుగురికి పనికొస్తుంది. రెండూ ఒకదాంట్లో దొరికితే వదలకూడదు. పిచ్చుక తలూపింది. ఇవన్నీ ఆయనే ఎప్పుడో నేర్పాడు. తెలిసే చేసింది, అదే కదా బాధ.

వేడెక్కాక మావయ్య మొదటి స్వరం పట్టాడు.

మెల్లగా. గోడ మీద బూరలన్నీ సన్నగా గుయ్యిమన్నాయి. ముందు గదిలో షాపాయన సుత్తి చప్పుడు ఆగిపోయింది. శ్రుతి గీత గీసినట్టుంది. మావయ్య కనుబొమలు రెండూ పైకి లేచాయి, చూశావా అన్నట్టు. పిచ్చుక ఏడుస్తూ నవ్వేసింది. అంతా సర్దుకుంటుందనిపించింది. సాయంత్రం తను చెప్పేస్తుంది, బుల్లిది వెనక్కెళ్లిపోతుంది, మావయ్య కుర్చీ మావయ్యకే ఉంటుంది.

అప్పుడాయన పెద్ద బ్యాండ్ పాట చివర్లో వచ్చే ఆ వరస మొదలుపెట్టాడు. కింది స్వరాలు, బరువైనవి, ఒక్కోటీ మెట్టు మెట్టుగా దిగుతూ, అన్నీ ఒకే ఊపిరిలో పట్టాలి. మధ్యలో ఆపితే పాట కింద గొయ్యి పడుతుంది. ఆ వరస మావయ్య ఊదుతుంటే వింటూ పెరిగింది పిచ్చుక.

సగందాకా వచ్చింది. తర్వాత స్వరం వణికింది. తర్వాత గాలి మాత్రం వచ్చింది.

మావయ్య ఆగి, గొంతు సవరించుకుని, మళ్లీ పట్టాడు. ఈసారి ఇంకా ముందే తెగిపోయింది. మూడోసారి పట్టడానికి పీల్చిన ఊపిరి మధ్యలోనే దగ్గొచ్చింది. మెడ మీద నరాలు తేలాయి.

కుర్చీ మరీ కిందికుంది మావయ్యా, అంది పిచ్చుక. కొత్తదాని గొట్టం వెడల్పు, అలవాటవ్వాలి. పొద్దున్నే ఏమీ తినలేదు కూడా నువ్వు. ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయింది. ఆయన అన్నీ విన్నాడు.

"ఇంకేమన్నా ఉన్నాయా?" అన్నాడు.

లేవు.

మావయ్య నడిపిదాని నోటి అంచు మీద కోటు కొసతో తుడిచాడు, అక్కడేమీ లేకపోయినా. "పొద్దున నువ్వు చెప్పినప్పుడు ఎంత హాయిగా ఉందో తెలుసా పిచ్చుకా. నీ మీద కోపం తెచ్చుకోవడం కూడా మర్చిపోయాను."

అప్పుడర్థమైంది పిచ్చుకకి. నిన్న మెట్ల మీద ఈ మనిషి కుర్చీ వదిలేస్తానని చెప్పేశాడు. కష్టపడి, తనకి తానే నచ్చజెప్పుకుని. తెల్లారేసరికి తను పరిగెత్తుకొచ్చి, తన బరువు దించుకోవడానికి, ఆయన చేతిలో ఆశ పెట్టింది. ఇప్పుడా ఆశని ఆయన పిచ్చుక కళ్లముందే మళ్లీ వదులుకోవాల్సొచ్చింది. మొదటి తప్పు ట్యూబాకి చేసింది. రెండోది, మంచిపని చేస్తున్నాననుకుంటూ, మనిషికి చేసింది.

మావయ్య ట్యూబాని ఒళ్లోంచి దించి పక్కన పెట్టాడు. మాట్లాడినప్పుడు గొంతు వేరేగా ఉంది, బేరం ఆడేవాడి గొంతులా.

"సాయంత్రం నువ్వు చేసింది అందరి ముందూ చెప్పు. అది చెప్పి తీరాలి. ఇక్కడ చూసింది మాత్రం చెప్పకు."

"నిన్న నువ్వే కదా మావయ్యా..."

"నిన్నటి మాట నిన్న. వచ్చే కచేరీ ఒక్కటి వాయిస్తానే. అది అయ్యాక నేనే లేచి వెళ్తాను, ఎవరూ లేపక్కర్లేదు."

ఆ మాటకి ఏమని అడ్డు చెప్తుంది? ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? సరేనంది. మాస్టారు గురించి నాకు తెలుసు, మళ్లీ గోడ పరీక్ష పెడతాడు, అన్నాడు మావయ్య ట్యూబాని పెట్టెలో సర్దుతూ. సర్దడం అయ్యాక దాన్ని పిచ్చుకకి అప్పజెప్పాడు, సాయంత్రం నువ్విది తీసుకుని హాలుకి రా, నేను ఇంటికెళ్లి ఒకటి తీసుకుని వస్తానని.

సాయంత్రం హాల్లో ఇంకా అందరూ స్టాండ్లు సర్దుకుంటుండగానే పిచ్చుక మాస్టారి పక్కకెళ్లి నిలబడింది. చెప్పింది. వంటింట్లో చెప్పిన మాటలే, కానీ ఇక్కడ కుళాయి లేదు చూడ్డానికి, అందరి మొహాలూ ఉన్నాయి. తన ఐదుగురి జట్టులో హార్న్ వాయించే అక్క తల దించుకుని చేతిలో గుడ్డ మడతపెడుతూ, విప్పుతూ, మడతపెడుతూ ఉండిపోయింది. ట్రంపెట్టాయన మాత్రం ఊరుకోలేదు.

"అంటే నీ ఒక్క సోలో కోసం మా అందరి కాళ్లకింద నేల లాగేశావన్నమాట. ఇంకా నయం, ఊపిరాడట్లేదని మీ మావయ్యని ఆస్పత్రికి పంపలేదు."

ఎవరో నవ్వబోయి మానేశారు. మావయ్య అప్పుడే లోపలికొచ్చి గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ సంచితో. ఆ మాట ఆయన విన్నాడు. పిచ్చుక చూసింది, ఆయన విన్నాడు.

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. గొంతు పెంచే మనిషి కాదు.

"నేను అడిగాను కదమ్మా."

"అడిగారండి."

"నువ్వు ఆఁ అన్నావు."

"అన్నానండి."

అంతే. తర్వాత మాస్టారు మావయ్య వైపు తిరిగి, నిన్న అందరి ముందూ అలా అన్నందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. తప్పు మనిషిది కాదు, ట్యూబాది అని ఇప్పుడు తెలిసిందన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు, హార్న్ అక్క అయితే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. మావయ్య తలూపాడు. ఆ తలూపడం చూస్తూ నిలబడటం పిచ్చుకకి ట్రంపెట్టాయన మాటకంటే కష్టమైంది.

అనుకున్నట్టే మాస్టారు మళ్లీ పరీక్షన్నాడు. ఇప్పుడే, ఇక్కడే. బుల్లిదీ ఉంది, నడిపిదీ వచ్చింది. ఏది ముందో మావయ్య ఇష్టం. చివరి వరస చాలు, ఆ ఒక్క ఊపిరి వరస, దాంతో తేలిపోతుంది. వాయించేది మావయ్య. పిచ్చుక దేనికీ మూతి పెట్టకూడదు, పక్కన నిలబడి ట్యూబాలు అందించాలి, అంతే. అది శిక్షని అందరికీ తెలుసు, తనకీ తెలుసు. సంతోషంగా ఒప్పుకునేది, వాయించాల్సింది ఆ వరస కాకపోతే.

మావయ్య పట్టుకుంటే సగంలో తెగుతుంది. గోడవైపు చూసే చెవులకి తెగింది మనిషి ఊపిరో, ట్యూబా గొంతో తెలీదు. నడిపిది మళ్లీ పనికిరాదనిపించుకుంటుంది, ఈసారి వెచ్చగా ఉండి కూడా. బుల్లిదానికి అంత ఊపిరి అక్కర్లేదు, అదే ఉండిపోతుంది. మావయ్య ఆ ఒక్క కచేరీలో కూడా అందరి ముందూ, ఊదుతూ, వినపడకుండా కూర్చుంటాడు.

కుర్చీలన్నీ కిర్రుకిర్రుమంటూ గోడవైపు తిరిగాయి. హాలు నిండా వీపులు. మాస్టారు కూడా తిరిగాడు, చేతులు వెనక కట్టుకుని. ఇంక గది మధ్యలో వీళ్లిద్దరికే మొహాలున్నట్టుంది.

మావయ్య తొందరపడలేదు. నడిపిదాన్ని ఒళ్లోకి తీసుకుని వేడి ఊపిరి వదిలాడు, ఓపిగ్గా, గొట్టం చివరిదాకా. తర్వాత లేచాడు, చప్పుడు కాకుండా. ట్యూబాని పిచ్చుక చేతుల్లో పెట్టాడు. గుడ్డ సంచిలోంచి ఒకటి తీసి, తన కుర్చీ మీద పెట్టి, అరచేత్తో ఒకసారి సర్దాడు.

గళ్ల దిండు.

ఇంటికెళ్లి తెచ్చింది దీన్నే. అంటే షాపులో, ట్యూబా పెట్టెలో సర్దుతూనే, అంతా అనుకున్నాడన్నమాట. పిచ్చుక ఆయన మొహంలోకి చూసింది. పొద్దున వంటింట్లో నవ్విన మనిషి కాదు, షాపులో బేరమాడిన మనిషి కూడా కాదు. ఏదో తప్పు చేసి పెద్దవాళ్ల ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. తోమి తోమి మెరిసిపోతున్న తన మౌత్‌పీస్‌ని ఆమె వైపు చాచి పట్టుకున్నాడు.

"వెచ్చబెట్టారా అండీ?" అన్నాడు మాస్టారు, గోడ వైపే చూస్తూ.

"ఆఁ," అన్నాడు మావయ్య, పిచ్చుక కళ్లలోంచి చూపు తిప్పకుండా.

"అయితే కానివ్వండి."